రచయిత రాసిన ఉత్తరాలను ఎవరి కాగితాల్లో వెతకాలి?

ప్రశ్న:
నేను ఒక రచయిత జీవితచరిత్ర రాసే ప్రయత్నంలో ఉన్నాను. ఆయన కాగితాలన్నింటినీ కుటుంబ సభ్యులు ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి అప్పగించారు. సూచిక తిరగేస్తే వేలకొద్దీ ఉత్తరాలు కనిపించాయి గానీ, దాదాపు అన్నీ ఆయనకు వచ్చినవే. ఆయన రాసినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగిలినవి పోయినట్లేనా? దొరికినవాటిని పుస్తకంలో ఉటంకించడానికి గ్రంథాలయం అనుమతి ఒక్కటే సరిపోతుందా?

మొదటి జవాబు:
అప్పుడే ఆ నిర్ణయానికి రాకండి. ఉత్తరాన్ని దాచుకునేది అందుకున్నవారు కాబట్టి, మీ రచయిత రాసినవి ఆయన మిత్రుల, సంపాదకుల, ప్రచురణకర్తల కాగితాల్లో, వారి వారి పేర్ల కింద, వేరువేరు గ్రంథాలయాల్లో ఉండే అవకాశం ఎక్కువ. అక్కడికి దారి చూపేవి మీ ముందున్న ఆ వేల ఉత్తరాలే. ‘మీ పదో తేదీ ఉత్తరం అందింది’ అని ఎవరైనా మొదలుపెట్టి ఉంటే, ఆ తేదీన ఒక ఉత్తరం వెళ్లిందని రూఢి అయినట్లే. ఎవరికి, ఎప్పుడు అన్న జాబితా ముందు తయారు చేసుకోండి. చార్లెస్ డార్విన్ ఉత్తరాలను సేకరించే పని 1974లో మొదలై, 30 సంపుటాలుగా 2023లో పూర్తయింది. ఆయన రాసినవీ, ఆయనకు వచ్చినవీ కలిపి 15,000కు పైగా తేలాయి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నది పెద్ద నిధే అయినా, అక్కడితో ఆగి ఉంటే ఇన్ని దొరికేవి కావు. తేదీ వేయకుండా ‘మంగళవారం’ అని మాత్రమే రాసే మహానుభావులు ఉంటారు. అలాంటివాటికి తపాలా ముద్రే ఆధారం కనుక, కవర్లను వేరుగా ఉంచారేమో అడగండి.

రెండో జవాబు:
పై సలహాకు ఒక చేర్పు. మీ రచయిత పాత కాలం వారైతే నకళ్ల పుస్తకాల కోసం, అంటే తాము పంపిన ఉత్తరాల ప్రతులను దాచుకున్న పుస్తకాల కోసం కూడా చూడండి. జేమ్స్ వాట్ 1780లో పేటెంటు పొందిన యంత్రంలో, సిరా ఆరని ఉత్తరం మీద తడిపిన పలుచని కాగితం పెట్టి అదిమితే అక్షరాలు దాని మీదికి దిగుతాయి. తిరగబడి పడిన ఆ అక్షరాలను కాగితం వెనుక నుంచి చదువుకోవాలి. అమెరికా అధ్యక్షుడిగా పనిచేసిన థామస్ జెఫర్సన్ ఇలా నకళ్లు ఉంచుకోవడమే కాక, 1783 నుంచి 1826లో మరణించేవరకు రాసిన, అందుకున్న ఉత్తరాల పట్టిక కూడా నడిపాడు. అంత పద్ధతైన మనుషులు అరుదే అనుకోండి.

మూడో జవాబు:
మీ రెండో ప్రశ్నకు జవాబు: సరిపోదు. కాగితం గ్రంథాలయానిది కావచ్చు గానీ, అందులోని మాటల మీద కాపీరైటు సాధారణంగా రాసినవారిది, వారి తర్వాత వారసులది. ఇంగ్లండులో కవి అలెగ్జాండర్ పోప్ తన ఉత్తరాల విషయంలో వేసిన దావాలో 1741లోనే న్యాయస్థానం ఈ తేడా స్పష్టం చేసింది. మీకు మరింత దగ్గరిది అమెరికన్ నవలాకారుడు జె.డి. శాలింజర్ వ్యాజ్యం. ఆయన ఉత్తరాలను అందుకున్నవారు విశ్వవిద్యాలయ గ్రంథాలయాలకు ఇచ్చారు. వాటిని చదివి జీవితచరిత్ర రాసిన ఇయాన్ హామిల్టన్, అభ్యంతరం వచ్చాక చాలా ఉటంకింపులను తన మాటల్లోకి మార్చినా, అమెరికా అప్పీలు కోర్టు 1987లో ఆ రూపంలో ప్రచురణకు ఒప్పుకోలేదు. ఉత్తరంలోని విషయాన్ని చెప్పవచ్చు, దాని వాక్య శైలిని ఎత్తుకోకూడదన్నది సారాంశం. కాపీరైటు గడువు ముగిసిందో లేదో మీ దేశపు చట్టంలో చూసుకుని, ముగియకపోతే ముందుగానే వారసులకు రాయండి. కొన్ని పెట్టెలు అసలు తెరవనివ్వకపోవచ్చు కూడా. కవి టి.ఎస్. ఎలియట్ తన ఆప్తురాలు ఎమిలీ హేల్‌కు రాసిన 1,131 ఉత్తరాలను ఆమె 1956లో ప్రిన్స్‌టన్ గ్రంథాలయానికి ఇచ్చినా, విధించిన షరతు ప్రకారం అవి 2020 జనవరిలో గానీ పాఠకులకు అందలేదు. ఆమె రాసినవాటిని ఎలియట్ నాశనం చేయించాడు. కాబట్టి నిషేధపు గడువు తేదీని సూచికలో ఇప్పుడే చూసి పెట్టుకోండి.