ఆర్8లో ఆర్6 మార్క్ 2 వేగమంతా ఉంది కదా, మరి ఎక్కువ డబ్బు దేనికి?

పర్లాకిమిడి_80డీ

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. చేతిలో కెనాన్ 80డీ కెమెరా, 50 ఎంఎం 1.8, 70-200 ఎఫ్4 లెన్సులు ఉన్నాయి. పెళ్ళిళ్ళు తీస్తాను, తెలుగువాళ్ళవీ, ఒడియావాళ్ళవీ. పెళ్ళిళ్ళు లేని నెలల్లో మహేంద్రతనయ ఒడ్డు, సంత, రథయాత్ర, వీలు చిక్కితే భేట్నోయి వైపు కృష్ణజింకలు. ఇప్పుడు మిర్రర్‌లెస్‌కు మారాలని ఉంది.

కెనాన్ ఆర్8, ఆర్6 మార్క్ 2, ఈ రెండింటి దగ్గర ఆగిపోయాను. రెండింటిలో ఒకటే 24.2 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ సెన్సర్. ఫోకస్ కూడా దాదాపు ఒకటే. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో రెండూ సెకనుకు 40 ఫ్రేములు కొడతాయి. బ్యాటరీ, కార్డుతో కలిపి ఆర్8 461 గ్రాములు, ఆర్6 మార్క్ 2 670 గ్రాములు. ధర తేడాలో ఒక మంచి లెన్స్ వచ్చేస్తుంది. వేగం ఒకటే అయినప్పుడు చిన్నదే తీసుకోమని కొందరు చెప్తున్నారు. ఆర్8 పెళ్ళిళ్ళకు పనికిరాదని ఇంకొందరు కొట్టిపారేస్తున్నారు. ఎందుకని అడిగితే సరిగా చెప్పేవాళ్ళు లేరు. రెండూ వాడినవాళ్ళు చెప్పండి.

గుణుపురం_స్టూడియో

తమ్ముడూ, ఎందుకో నేను చెప్తాను. నేను ఆర్6 మార్క్ 2తో పెళ్ళిళ్ళు తీస్తున్నాను. మా అసిస్టెంట్ దగ్గర ఆర్8 ఉంది. కాబట్టి రెండూ రోజూ చూస్తున్నవే.

ముందు ఆ 40 అంకెను పక్కన పెట్టు. అది ఎలక్ట్రానిక్ షట్టర్ లెక్క, అంటే తెర కదలకుండా సెన్సరే బొమ్మను చదివే పద్ధతి. ఈ రెండు బాడీల్లోనూ ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే ఫ్లాష్ వెలగదు. మనవైపు ముహూర్తాలు ఎక్కువగా అర్ధరాత్రో తెల్లవారుజామునో కదా, ఫ్లాష్ లేకుండా మండపం ఎక్కగలవా? ఫ్లాష్ కావాలంటే మెకానికల్ తెర కదిలే షట్టర్‌కు రావాలి. ఆర్8లో పూర్తి మెకానికల్ షట్టర్ లేదు. మొదటి తెర ఎలక్ట్రానిక్, రెండోదే మెకానికల్. అందులో సెకనుకు 6 ఫ్రేములు. ఆర్6 మార్క్ 2లో మెకానికల్ మీద 12. నీ 80డీయే 7 కొడుతుంది. అంటే మండపంలో ఆర్8 నీ పాత కెమెరా కన్నా నెమ్మది. వేగం ఒకటే అని చెప్పినవాళ్ళు ఈ సంగతి చెప్పారా?

రెండోది, కార్డు. ఆర్8లో ఒకటే స్లాట్, ఆర్6 మార్క్ 2లో రెండు. జీలకర్ర-బెల్లం పెట్టిన క్షణం మళ్ళీ రాదు. ఒడియా పెళ్ళిలో వధూవరుల చేతులు కలిపి కట్టే హాతగంఠి కూడా అంతే. కార్డు చెడిపోయిందని పెళ్ళికూతురి తండ్రికి ఎలా చెప్తావు? డబ్బు తీసుకుని పెళ్ళి తీసేవాడి చేతిలో ఒక్క స్లాట్ బాడీ ఉండకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

మూడోది, బ్యాటరీ. ఆర్8లో ఎల్‌పీ-ఈ17, 1040 ఎంఏహెచ్. ఆర్6 మార్క్ 2లో ఎల్‌పీ-ఈ6ఎన్‌హెచ్, 2130 ఎంఏహెచ్. కెనాన్ సొంత లెక్క ప్రకారమే ఆర్8 ఒక బ్యాటరీకి సుమారు 290 ఫోటోలు. బటన్ నొక్కిపట్టి వరుసగా, బర్స్ట్‌లో తీస్తే అంతకన్నా ఎక్కువే వస్తాయి, అది వేరే మాట. కానీ వ్యూఫైండర్ తెరిచి మూడు గంటలు పీటల పక్కన నిలబడితే ఛార్జ్ ఎలా జారిపోతుందో చూస్తున్నాను. నీ 80డీలో ఉన్న ఎల్‌పీ-ఈ6ఎన్ బ్యాటరీలు ఆర్6 మార్క్ 2లో పనిచేస్తాయి, ఆర్8లో పనిచేయవు. ధర తేడా లెక్క వేసేటప్పుడు కొత్త బ్యాటరీల ఖర్చు కూడా కలుపు.

బరంపురం_అలలు

అన్నా, మీరు పెళ్ళి మండపం నుంచే మొత్తం చూస్తున్నారు. నేను ఆర్8 వాడతాను, దాన్ని ఇలా తీసిపారేస్తే ఒప్పుకోను.

6, 12 లెక్కే చూద్దాం. ఫ్లాష్‌తో సెకనుకు 12 తీస్తారా? కెమెరా మీద పెట్టే ఫ్లాష్, అదే స్పీడ్‌లైట్, అంత వేగంగా ఛార్జ్ అవుతుందా? పవర్ బాగా తగ్గించి పెట్టినా కొన్ని ఫ్రేములకే ఖాళీ అవుతుంది. ఫ్లాష్ కట్టుకున్న చోట 6కీ 12కీ తేడా కాగితం మీదే. తలంబ్రాలు పోసేటప్పుడు తప్ప పెళ్ళిలో అంత బర్స్ట్ ఎక్కడ కావాలి?

బరువు మాటను మాత్రం అందరూ తేలిగ్గా దాటేస్తారు. పొద్దున్నే గోపాల్‌పూర్ ఒడ్డున పడవలు దిగుతుంటాయి. చేపలు గంపల్లోకి ఎత్తేవాళ్ళ మధ్య నడుస్తూ తీయాలి. 461 గ్రాముల బాడీకి 50 ఎంఎం పెట్టుకుంటే ఎవరూ నన్ను ఫోటోగ్రాఫర్‌లా చూడరు, పని ఆపరు, నవ్వి ఫోజు పెట్టరు. మా బరంపురం అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో వేషాలు కట్టినవాళ్ళ వెంట రాత్రంతా గుంపులో తిరిగినా మెడ లాగదు. బరువైన కెమెరా మంచిదే, కానీ ఇంట్లో బీరువాలో ఉండిపోతే దాని వేగం ఎవరికి?

జింకల విషయానికి వస్తే, భేట్నోయిలో అవి ఎప్పుడు ఎగురుతాయో మనం పట్టుకోలేం. ఈ రెండు బాడీల్లో రా బర్స్ట్ అని ఒకటుంది (రా అంటే సెన్సర్ చదివింది చదివినట్టు దాచే ఫైలు). సెకనుకు 30 ఫ్రేములు, బటన్ పూర్తిగా నొక్కడానికి అర సెకను ముందువి కూడా దాచిపెడుతుంది. జింక గాలిలోకి లేచాక మన వేలు కదిలినా ఎగిరిన ఫ్రేము దొరుకుతుంది. పగటి వెలుతురు, ఫ్లాష్ అక్కర్లేదు, చప్పుడు లేదు. అక్కడ ఆర్8 ఇచ్చేదే ఆర్6 మార్క్ 2 కూడా ఇస్తుంది. మిగిలిన డబ్బుతో ఆర్‌ఎఫ్ 100-400 కొనుక్కోవచ్చు. 635 గ్రాముల లెన్స్.

బ్యాటరీకి పవర్ డెలివరీ ఉన్న పవర్ బ్యాంక్‌తో టైప్-సీ ఛార్జింగ్ ఉంది. సంతకి వెళ్ళేటప్పుడు జేబులో ఇంకో బ్యాటరీ వేసుకుంటే సరిపోతుంది.

రాయగడ_కొత్తవాడు

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. సోనీ ఏ7 ఫోర్ ఎందుకు ఎవరూ చెప్పడం లేదు? 33 మెగాపిక్సెల్, రెండు స్లాట్లు, పెద్ద బ్యాటరీ, సెకనుకు 10 ఫ్రేములు, పైగా సిగ్మా, టామ్రన్ లెన్సులు బోలెడు.

గుణుపురం_స్టూడియో

లెన్సుల మాట నిజం బాబూ. అక్కడ సోనీదే పైచేయి. 2024లో సిగ్మా, టామ్రన్ కెనాన్ ఆర్‌ఎఫ్ మౌంట్‌లోకి వచ్చాయి గానీ ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్లకు చేసే ఏపీఎస్‌సీ లెన్సులతోనే వచ్చాయి. కొత్తగా మొదలుపెట్టేవాడికి నేను సోనీ కూడా చూడమనే చెప్తాను.

కానీ ఆ 10 ఫ్రేములు నాణ్యత కొంత వదులుకునే కంప్రెస్డ్ రాలో వచ్చేవి. నాణ్యత పోని లాస్‌లెస్ పెడితే 6 దగ్గరికి పడిపోతుంది. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో దాని సెన్సర్ నెమ్మదిగా చదువుతుంది, కదిలేవి వంకరపోతాయి. ఈ తమ్ముడి దగ్గర ఇప్పటికే కెనాన్ లెన్సులున్నాయి, అడాప్టర్ పెడితే ఫోకస్‌తో సహా అన్నీ నడుస్తాయి. కాబట్టి ఇతనికి సోనీ చెప్పను.

బరంపురం అక్కా, ఫ్లాష్ రీసైకిల్ గురించి మీరన్నది సరైన మాటే. కాదనను. కానీ ఫ్లాష్ ఆపేసి తీసే ఘట్టాలు కూడా ఉంటాయి. ఊరేగింపు, సంగీత్, నోటితో మంగళధ్వని చేస్తూ హుళహుళి పెట్టే ఆడవాళ్ళు. అక్కడ పైన వెలిగేవి ఎల్‌ఈడీలు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చవక ఎల్‌ఈడీ సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ను పై నుంచి కిందికి వరుసగా చదువుతుంది. ఆ చదివే వ్యవధిలో దీపం ఎక్కి దిగితే పెళ్ళికూతురి ముఖం మీద అడ్డంగా చారలు. ఎడిటింగ్‌లో అవి పోవు. సెకనులో 100వ వంతు షట్టర్‌కు దిగితే చాలావరకు తగ్గుతాయి, కానీ డాన్స్ చేసేవాళ్ళకు 100వ వంతు చాలదు. స్టేజీ వెనక రంగు మార్చే ప్యానెల్ పెడితే దాని లెక్కే వేరు. హై ఫ్రీక్వెన్సీ ఫ్లికర్‌కు, అంటే ఇంకా వేగంగా మినుకుమనే దీపాలకు, షట్టర్ వేగాన్ని సన్నగా సర్దే ఏర్పాటు రెండింటిలో ఉంది, వాడి చూడు. అయినా ఐదు రకాల దీపాలు ఒకేసారి వెలిగే షామియానా కింద దేనికని సర్దుతావు? అందుకే నేను మెకానికల్‌లోనే ఉంటాను. అక్కడ 12 నిజంగా అక్కరకొస్తుంది.

చంద్రపూర్_సఫారీ

మాది మహారాష్ట్ర వైపు, తాడోబా దగ్గర. నేను నికాన్ జెడ్8 వాడతాను, కాబట్టి కెనాన్ మీద నాకు పక్షపాతం లేదు, ద్వేషమూ లేదు.

గుణుపురం అన్న చెప్పిన దానికి ఒక చేర్పు. ఎలక్ట్రానిక్ షట్టరే చెడ్డదని కుర్రాడు అనుకోకూడదు. జెడ్8లో మెకానికల్ షట్టర్ అసలు లేదు. దానిది స్టాక్డ్ సెన్సర్, చాలా వేగంగా చదువుతుంది. అందుకే వంకరలు కనిపించవు, ఫ్లాష్ కూడా వెలుగుతుంది. నికాన్ జెడ్6 త్రీలో సగం స్టాక్డ్ సెన్సర్ పెట్టారు, 2024లో వచ్చింది. అది 760 గ్రాములు. కొనేటప్పుడు సెకనుకు ఎన్ని ఫ్రేములని అడిగే ముందు, సెన్సర్ ఎంత వేగంగా చదువుతుందని అడగాలి. డబ్బాల మీద ఆ అంకె వేయరు.

బఫర్ కూడా చూడాలి, అంటే కార్డు మీద రాసేలోపు ఫోటోలు ఆగే కెమెరా లోపలి మెమరీ. ఆర్6 మార్క్ 2 మామూలు రాలో 40 మీద నొక్కి పట్టుకుంటే రెండు సెకన్ల లోపే నిండిపోయి నీరసిస్తుంది. పులి జీపు ముందు రోడ్డు దాటడానికి అంతకన్నా ఎక్కువ సేపే పడుతుంది. అందుకే మా వైపు గట్టి చేతులున్నవాళ్ళు 12, 15 మీదే పెట్టి, సరైన అడుగుకు నొక్కుతారు.

ఇక పట్టు సంగతి. దీని గురించి ఇక్కడ ఎవరూ రాయలేదు, నాకు ఇదే పెద్ద విషయం. ఆర్8లో జాయ్‌స్టిక్ లేదు. కన్ను వ్యూఫైండర్‌కు ఆనించి ఫోకస్ పాయింట్ జరపాలంటే నాలుగు దిక్కుల బటన్లో, స్క్రీన్ మీద బొటనవేలో. వెదురు పొదల వెనక జంతువు ఉన్నప్పుడు కెమెరా ముందున్న ఆకునే పట్టుకుంటుంది. ఐ-ఫోకస్ ఎంత తెలివైనదైనా అక్కడ మనమే పాయింటును తీసుకెళ్ళి కంటి మీద పెట్టాలి. జాయ్‌స్టిక్ ఉంటే ఆ పని బొటనవేలు తనంతట తాను చేసేస్తుంది. వ్యూఫైండర్ కూడా ఆర్8లో 23.6 లక్షల చుక్కలు, ఆర్6 మార్క్ 2లో 36.9 లక్షలు. రోజంతా కన్ను పెట్టేవాడికి ఆ తేడా సాయంత్రానికి తలనొప్పిగా తెలుస్తుంది. ఆర్‌ఎఫ్ 100-500 లాంటి లెన్స్ ఒక్కటే సుమారు 1.37 కిలోలు. దాన్ని ఆర్8కి తగిలిస్తే ముందుకు వాలిపోయి, చిటికెన వేలికి పట్టు దొరకదు. 100-400తో మాత్రం అక్క చెప్పినట్టు బాగుంటుంది.

బరంపురం_అలలు

జాయ్‌స్టిక్ లేని లోటు నిజమే, నేనూ అనుభవిస్తున్నాను. స్క్రీన్ మీద వేలితో జరపడం అలవాటు చేసుకున్నాను గానీ చెమట పట్టిన చేత్తో అది ఇబ్బందే.

బాడీలోనే ఉండే స్టెబిలైజేషన్ గురించి ఎవరైనా అంటారేమోనని చూస్తున్నాను. ఆర్6 మార్క్ 2లో ఉంది, ఆర్8లో లేదు. మీ 50 ఎంఎం 1.8లో కూడా లేదు. గుడి గర్భాలయం ముందు దీపం వెలుతురులో, ఋషికుల్య ఒడ్డున చీకటి పడే వేళ ఇది పనికొస్తుంది. కాకపోతే అది ఆపేది మన చేతి వణుకునే. కదిలే మనిషిని ఆపదు. ఆపడానికి షట్టర్ వేగం పెంచాల్సిందే.

తమ్ముడూ, మధ్యదారి ఒకటి చెప్తాను. సెకండ్ హ్యాండ్‌లో మొదటి ఆర్6 చూడండి, 2020లో వచ్చింది. 20 మెగాపిక్సెల్, రెండు స్లాట్లు, మెకానికల్ 12, స్టెబిలైజేషన్, జాయ్‌స్టిక్, మీ బ్యాటరీలూ పనిచేస్తాయి. పెళ్ళి ఆల్బమ్‌కు 20 మెగాపిక్సెల్ చాలు. జింకలను క్రాప్ చేయాలంటే కాస్త తక్కువే, అదొక్కటే లోటు.

పర్లాకిమిడి_80డీ

అందరికీ చాలా థాంక్స్. ఇన్నాళ్ళూ రెండింటి వేగం ఒకటే అని తిరుగుతున్న నాకు ఇప్పుడు లెక్క అర్థమైంది. నాకు కెమెరా డబ్బు వచ్చేది పెళ్ళిళ్ళ నుంచే. కాబట్టి మండపానికి ఏది కావాలో అదే ముందు. ఆర్8 వదిలేస్తున్నాను అక్కా, సంతకి, సముద్రానికి అది మంచిదని ఒప్పుకుంటూనే.

ఆర్6 మార్క్ 2 కొని, 80డీని అమ్మకుండా రెండో బాడీగా ఉంచుకుంటాను. బ్యాటరీలు రెండింటికీ కలుస్తాయి. మంచి స్థితిలో పాత ఆర్6 ముందు దొరికితే అదే తీసుకుని మిగిలింది లెన్స్‌కు పెడతాను. ఆఖరుగా ఒకటి అడుగుతాను: రెండు కార్డులు పెడితే చాలా, ఇంకేమైనా సెట్ చేయాలా?

గుణుపురం_స్టూడియో

చేయాలి. డబ్బాలోంచి తీసినప్పుడు అది స్టాండర్డ్ మీద ఉంటుంది. అంటే ఎంచుకున్న ఒక్క కార్డు మీదే రాస్తుంది, రెండోది ఖాళీగా కూర్చుంటుంది. మెనూలో రికార్డ్ ఫంక్షన్‌లోకి వెళ్ళి ‘రికార్డ్ టు మల్టిపుల్’ పెట్టు. మొదటి పెళ్ళికి వెళ్ళే ముందు ఇంట్లోనే నాలుగు ఫోటోలు తీసి, రెండు కార్డులూ కంప్యూటర్‌లో తెరిచి చూసుకో.

చంద్రపూర్_సఫారీ

రెండు కార్డులూ ఒకే వేగానివి కొను బాబూ. రెండింటి మీదా ఒకేసారి రాసేటప్పుడు నెమ్మదిగా ఉన్న కార్డు వేగానికే బఫర్ ఖాళీ అవుతుంది. ఒకటి వేగమైన యూహెచ్‌ఎస్-2 రకం కొని, రెండోది పాత 80డీ కార్డు పెడితే ఆ మంచి కార్డుకు పెట్టిన డబ్బు దండగ.