విశాఖలో వాటర్ కలర్ బొమ్మల ప్రదర్శన: ఫ్రేముల్లో బూజు రాకుండా ఏం చేస్తున్నారు?

నమస్కారం అండీ. మాది చిన్న చిత్రకారుల బృందం. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఫైన్ ఆర్ట్స్ చదివే పిల్లలు కలిసి ఆదివారం పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కో, రాస్ హిల్ కిందికో వెళ్లి అక్కడే కూర్చుని బొమ్మలు వేసుకుంటాం. సంక్రాంతి తర్వాత ప్రదర్శన పెట్టాలని ఉంది.

చిక్కంతా ఈ ఉప్పుగాలితోనే. 300 జీఎస్ఎం మందపాటి కాగితం మీద వేసినవి కూడా వానాకాలం దాటేసరికి ఫ్రేములోనే అలలు తేలుతున్నాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ బొమ్మలో లేత నీలం వదిలిన ఆకాశం నిండా గోధుమరంగు చుక్కలు! విప్పి చూస్తే కాగితం అద్దానికి అతుక్కుపోయి ఉంది, వెనక మామూలు అట్ట. మధ్యలో మౌంట్ (బొమ్మ చుట్టూ పెట్టే మందపాటి అట్ట చట్రం) పెట్టమంటే షాపతను "అదంతా షోకు సార్" అంటాడు. షోకు కాదు, కాగితానికీ అద్దానికీ మధ్య ఖాళీ ఉండాల్సిందే.

బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లు చెప్పండి: ఆసిడ్ లేని మౌంట్ బోర్డు ఊళ్లో ఎక్కడైనా దొరుకుతుందా, హైదరాబాద్ నుంచి తెప్పించుకోవాలా? అద్దం బదులు యాక్రిలిక్ షీటు వాడినవాళ్లున్నారా? గీతలు పడతాయని నా భయం. రాత్రి ఏసీ ఆపేసే హాల్లో బొమ్మలు వారం రోజులు ఉంచొచ్చా?

ఏటికొప్పాక లక్కబొమ్మల కళాకారులను కూడా పిలుద్దామనుకుంటున్నాం. అక్కడే లేత్ మిషను మీద చెక్క తిప్పి బొమ్మ చేసి చూపించాలంటే హాలువాళ్లు ఒప్పుకుంటారా? చెక్కపొట్టు బాగా లేస్తుంది కదా. ఇలాంటిది ఇంతకుముందు చేయించినవాళ్లు ఉంటే ఎలా ఏర్పాటు చేశారో కాస్త చెప్పండి.