1946లో నావికులను లొంగిపొమ్మనడం న్యాయమేనా?

తీరంగాలి:
పోటీ పరీక్షకు చదువుతున్న మా అబ్బాయి నిన్న రాత్రి ఒక ప్రశ్న అడిగాడు. "నాన్నా, 1946 నౌకాదళ తిరుగుబాటును అణిచింది బ్రిటిష్ వాళ్లా, మన నాయకులా?" వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఫిబ్రవరి 18న బొంబాయిలోని 'తల్వార్' శిక్షణ కేంద్రంలో నావికులు సమ్మెకు దిగారు. నోట పెట్టలేని తిండి, తెల్ల అధికారి బూతులు, ఒకే పనికి తెల్లవాడికో జీతం మనవాడికో జీతం. నాలుగైదు రోజుల్లోనే 78 ఓడలు, సుమారు 20,000 మంది సమ్మెలో చేరారు. 23న పటేల్ మాట విని లొంగిపోయారు. ఆ మాట చెప్పడం సరైనదేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతకాగితం:
సరైనదే అంటాను. కోపంతో కాదు, లెక్కతో ఆలోచించండి. నౌకాదళ అధిపతి, బ్రిటిష్ అడ్మిరల్ గాడ్‌ఫ్రే రేడియోలో, నౌకాదళం మొత్తం నాశనమైనా సరే లొంగదీస్తామని హెచ్చరించాడు. కరాచీలో 'హిందుస్థాన్' ఓడ మీద ఫిరంగులు పేల్చనే పేల్చారు. బొంబాయి వీధుల్లో రెండు వందల మందికి పైగా జనం చనిపోయారు. ఇంకో వారం సాగితే ఎంతమంది పోయేవారు? పైగా అధికార బదిలీ గురించి మాట్లాడటానికి బ్రిటిష్ మంత్రుల బృందాన్ని (కేబినెట్ మిషన్) పంపుతున్నట్టు లండన్‌లో ఫిబ్రవరి 19నే ప్రకటించారు. ఒక్క రోజు సమ్మెకు భయపడి తీసుకునే నిర్ణయం కాదది. అధికారం చేతికి రాబోతున్నప్పుడు ఆ కుర్రాళ్లను చావుకు ఎదురు పంపమంటారా?

ఎర్రమన్ను:
పాతకాగితం గారూ, ప్రాణాల మాట ఒప్పుకుంటాను. కానీ నాయకులను ఆపింది ప్రాణాల మీద జాలి ఒక్కటే కాదండి. 1946 మార్చి 1న పటేల్ ఒక ఆంధ్ర కాంగ్రెస్ నాయకుడికి ఉత్తరం రాశారు. సైన్యంలో క్రమశిక్షణతో ఆటలాడకూడదనీ, స్వతంత్ర భారతానికి కూడా సైన్యం కావాలనీ దాని సారాంశం. అంటే రేపు మన కుర్చీ కింద ఉండబోయే సైన్యం ఇవాళ ఎదురుతిరగడం నేర్చుకోకూడదని. ముస్లిం లీగ్ నాయకుడు జిన్నా కూడా సమ్మె ఆపమనే చెప్పాడు. విడిపోబోయే రెండు పార్టీలూ ఈ ఒక్క విషయంలో ఒకే మాట మీద నిలబడ్డాయి!

అదే సమయంలో ఓడల మీద ఏం జరిగిందో చూడండి. కాంగ్రెస్, లీగ్, కమ్యూనిస్టు జెండాలు మూడూ పక్కపక్కన ఎగిరాయి. సమ్మె కమిటీకి అధ్యక్షుడు ఎం.ఎస్. ఖాన్, ఉపాధ్యక్షుడు మదన్ సింగ్. బొంబాయి రేవు దగ్గరి గేట్‌వే ఆఫ్ ఇండియాకు జనం తిండి పొట్లాలు తెచ్చి నావికులకు అందించారు. వాళ్ల డిమాండ్లు అన్నం, జీతాల దగ్గర ఆగలేదు. నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్ ఖైదీలను వదలమన్నారు, ఇండోనేషియా నుంచి మన సైనికులను వెనక్కి రప్పించమన్నారు. హిందూ ముస్లింలను చట్టసభల్లో కంటే బారికేడ్ల దగ్గర కలపడమే తేలికని కాంగ్రెస్ సోషలిస్టు నాయకురాలు అరుణా అసఫ్ అలీ అన్నది ఇది చూసే. ఏడాదిన్నర తర్వాత దేశ విభజనప్పుడు పంజాబ్‌లో ఏం జరిగిందో తలచుకుంటే ఆ మూడు జెండాలు గుర్తొచ్చి కడుపు తరుక్కుపోతుంది.

డాల్ఫిన్‌నోస్:
విశాఖపట్నంలో కూడా నావికులు సమ్మె చేశారు. మా ఊరి పిల్లల్లో ఎంతమందికి తెలుసు? తప్పొప్పులు తర్వాత తేల్చుకుందాం, ముందు ఆ సంగతి బళ్లో చెప్పాలి కదా.

పాతకాగితం:
ఎర్రమన్ను గారూ, మూడు జెండాలు ఎగిరిన మాట నిజమే. కానీ కొన్ని ఓడల మీది ఐక్యత దేశమంతా పాకేదని అనుకోవడం ఆశే తప్ప రుజువు కాదు. ఆయుధం పట్టినవాడు రాజకీయం నిర్ణయించడం మొదలుపెడితే ఏమవుతుందో ఇరుగుపొరుగు దేశాల్లో చూశాం. పటేల్ ఉత్తరంలో నాకు కనబడేది కుర్చీ కాదు, ఆ భయం.

ఎర్రమన్ను:
సరే, ఆ భయం నిజమే అనుకుందాం. మరి ఇచ్చిన మాట? లొంగిపోతే ఎవరి మీదా కక్ష సాధింపు లేకుండా చూస్తామని కాంగ్రెస్ హామీ ఇచ్చింది. మేం లొంగుతున్నది బ్రిటన్‌కు కాదు, భారతదేశానికి అని సమ్మె కమిటీ చెప్పింది ఆ నమ్మకంతోనే. తర్వాత 476 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. స్వాతంత్ర్యం వచ్చాక మన నౌకాదళమూ వాళ్లను తిరిగి తీసుకోలేదు, పాకిస్తాన్ నౌకాదళమూ తీసుకోలేదు.

పాతకాగితం:
ఆ విషయంలో వాళ్లకు అన్యాయమే జరిగింది. అయినా లొంగిపొమ్మని చెప్పడం తప్పు కాదనే అంటాను. తప్పంతా ఆ తర్వాత ఏడాదిన్నరలో జరిగింది.

తీరంగాలి:
ఇదంతా మా అబ్బాయికి చదివి వినిపించాను. "ఆ 476 మంది తర్వాత ఎలా బతికారు నాన్నా?" అని అడుగుతున్నాడు.