మే నెలలో బరంపురం నుంచి జయపురం దాకా క్యాంపర్‌లో: రూఫ్ ఏసీ ఉండాల్సిందేనా?

గంజాం బాటసారి

ఖల్లికోట కాలేజీ పాత స్నేహితులం నలుగురం, అందరికీ అరవై దాటాయి. మే మొదటి వారంలో ఒడిశా బరంపురంలో బయల్దేరి పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, సునాబెడ, జయపురంలో ఉన్న మిగతా మిత్రుల్ని చూసి, సుంకి ఘాట్ దిగి సాలూరు, విజయనగరం మీదుగా తిరిగి రావాలని అనుకుంటున్నాం. బండి 3350 ఎంఎం వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) ఫోర్స్ ట్రావెలర్ వ్యాన్. పడుకునేలా క్యాంపర్‌గా మార్పిస్తున్నాను, లోపలి పని సగంలో ఉంది.

బాడీ కట్టే ఆయన ఒక టన్ను రూఫ్ ఏసీ, 400 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) లిథియం బ్యాటరీ లేకుండా ఎండాకాలంలో అందులో పడుకోలేరంటున్నారు. అవసరం లేదని నా అభిప్రాయం. గాలి బయటికి లాగే రూఫ్ ఫ్యాన్ ఒకటి, లోపల రెండు ఫ్యాన్లు, 200 ఏహెచ్ బ్యాటరీ చాలు. మిగిలిన డబ్బు టైర్లకీ బ్రేకులకీ పెట్టుకోవచ్చు. పైకప్పు కోయక ముందే తేలాలి కాబట్టి, తెలిసినవాళ్ళు లెక్కతో చెప్పండి.

వంశధార వాసి

మాస్టారూ, అవసరం లేదని అంత తేలిగ్గా తేల్చకండి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ నాలుగూ కింది ఊళ్ళే. రాయగడ 200 మీటర్ల ఎత్తు దరిదాపుల్లో ఉంటుంది, అక్కడ చల్లదనం ఆశించొద్దు. రేకు బండి పగలంతా కాగి, చీకటి పడ్డాక కూడా చాలాసేపు లోపలికి సెగ వదులుతూనే ఉంటుంది.

ఫ్యాన్ చేసే పని చెమట ఆరబెట్టడం. గాలిలో తేమ ఎక్కువుంటే చెమట ఆరదు. గాలే ఒంటి వేడిని మించితే ఫ్యాన్ వడగాలినే కొడుతుంది. అరవై దాటినవాళ్ళకి చెమట తక్కువ పడుతుంది, దాహం ఆలస్యంగా తెలుస్తుంది. బీపీకి నీరు లాగే మాత్ర వాడేవాళ్ళు ఉంటే ఇంకా ప్రమాదం. పగలు ఎండకి అలిసిన ఒళ్ళు రాత్రి చల్లబడకపోతే మర్నాడు ఆ ఒంటితోనే స్టీరింగ్ పట్టాలి. ఏసీని విలాసం కింద లెక్కగట్టొద్దు, మందుల పెట్టెతో పాటు లెక్కగట్టండి.

రాయగడ వైర్‌మన్

వంశధారన్న చెప్పిన ఆరోగ్యం సంగతి నిజమే. కాని బాడీ బిల్డర్ చెప్పిన బ్యాటరీతో ఆ ఏసీ రాత్రంతా నడవదు. లెక్క చూడండి.

ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ కాగిన బండిలో మొదటి గంట 1000 వాట్ల పైన లాగుతుంది. చల్లబడ్డాక తగ్గుతుంది. కింది ఊళ్ళలో రాత్రి మొత్తానికి సగటు 600 వాట్లు వేసుకుంటే 8 గంటలకి 4.8 యూనిట్లు. ఇన్వర్టర్‌లో పోయే పది శాతం కలిపితే 5.3. ఇక 400 ఏహెచ్‌ని 12.8 వోల్టులతో గుణిస్తే 5.12 యూనిట్లు. అందులో 90 శాతం వాడినా 4.6. తెల్లారుజామున నాలుగింటికి, ఫ్రిజ్‌తో సహా, అంతా ఆగిపోతుంది.

మర్నాడు నింపుకోవాలి కదా. ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి, ఆ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు అందించే 40 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ 550 వాట్ల దాకా ఇస్తుంది. మూడున్నర గంటల ప్రయాణానికి రెండు యూనిట్ల లోపే. ఏసీ పెట్టాక పైన మిగిలిన చోట 300 వాట్ల సోలార్ ప్యానెల్ పట్టినా, చెట్టు నీడన ఆపితే దాని నుంచి వచ్చేది అరకొర. నీడలో ఆపకపోతే బండి కాగుతుంది. ఈ రెంటికీ పొత్తు కుదరదు. రెండో రాత్రికే బ్యాటరీ సగం.

ఫ్యాన్ల పద్ధతిలో చూడండి: రూఫ్ ఫ్యాన్‌తో కలిపి 20 వాట్ల ఫ్యాన్లు మూడు, పది గంటలకి 0.6 యూనిట్లు. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకి అర యూనిట్ పైచిలుకు. లైట్లు, ఫోన్లు, నీళ్ళ పంపు అన్నీ కలిపి 0.2. మొత్తం 1.4 దాటదు. 200 ఏహెచ్ బ్యాటరీ ఒకటిన్నర రోజు పైనే లాగుతుంది.

డీసీ-డీసీ చార్జర్ లేకుండా లిథియంని నేరుగా ఆల్టర్నేటర్‌కి కలపనివ్వకండి. ఖాళీ లిథియం బ్యాటరీ ఎంత ఇస్తే అంత లాగేస్తుంది, ఆల్టర్నేటర్ కాగి డయోడ్లు పోతాయి. బ్యాటరీని ఎండ తగిలే రేకుకి ఆనించి పెట్టొద్దు, వేడెక్కితే దాన్ని కాపాడే బీఎంఎస్ సర్క్యూట్ చార్జింగ్ ఆపేస్తుంది.

వంశధార వాసి

రాత్రి పన్నెండు దాకా ఏసీ వేసి, తర్వాత ఫ్యాన్లు వేసుకుంటే? లేదా ఇంజిన్ ఆన్‌లో పెట్టి బండి ఏసీనే గంటో రెండు గంటలో నడిపితే?

రాయగడ వైర్‌మన్

మొదటిది కుదురుతుంది. రెండోది మాత్రం వద్దన్నా, గట్టిగా చెబుతున్నాను. ఆగి ఉన్న బండిలో ఇంజిన్ నడుస్తుండగా నిద్రపోతే సైలెన్సర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి వాసన లేదు, మెలకువ రాదు. గోడ పక్కన, సందులో ఆపిన బండికి ముప్పు ఇంకా ఎక్కువ.

ఘాట్ మెకానిక్

కరెంటు లెక్క సరే. బరువు లెక్క కూడా వినండి.

రూఫ్ ఏసీ 30, 35 కిలోలు. ఆ బరువు బండి నెత్తిన కూర్చుంటుంది, హెయిర్‌పిన్ మలుపులో తెలుస్తుంది. కాని అసలు బరువు ఎక్కడ పెరుగుతుందంటే చెక్కపనిలో. 18 ఎంఎం ప్లైవుడ్ ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కటే 35 కిలోల దగ్గర. పది షీట్లు వాడితే ఎంతో చూడండి. 12 ఎంఎం వేసి, అల్యూమినియం ట్యూబ్‌తో చట్రం కడితే మూడో వంతు తగ్గుతుంది. 80 లీటర్ల నీళ్ళంటే 80 కిలోలు. ట్యాంకు వెనక ఇరుసుకి ముందు, నేలకి ఆనించి పెట్టాలి. వెనక డోరు దగ్గర పెడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ ఊగుతుంది. మనుషులు, నీళ్ళు, సామాను అన్నీ ఎక్కాక వేబ్రిడ్జి మీద ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూయించండి. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు దాటితే ఏసీ సంగతి తర్వాత, ముందు ఏం దింపాలో చూసుకోండి.

సుంకి దిగేటప్పుడు మామూలుగా ఏమవుతుందంటే, మూడో గేర్‌లో వదిలి బ్రేకు మీద కాలు ఆనించి ఉంచుతారు. ప్యాడ్లు, డ్రమ్ములు కాగుతాయి, పాత బ్రేక్ ఆయిల్‌లో చేరిన తేమ మరిగి ఆవిరవుతుంది, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. రెండో గేర్‌లో దిగండి. వేగం పెరిగినప్పుడు గట్టిగా ఒకసారి నొక్కి వదిలేయండి. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్ళు దాటితే బయల్దేరే ముందే మార్పించండి. కాలిన వాసన వస్తే పక్కకి ఆపి చల్లారనివ్వాలి. చక్రం మీద నీళ్ళు పోయొద్దు, డ్రమ్ము పగులుతుంది.

రాయగడ దాటి లక్ష్మీపూర్ వైపు ఘాట్ ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు లేస్తే డ్రైవర్ ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టండి. ఎండలో అది కష్టమే, కాని ఇంజిన్ వేడిని కొంత లాగేస్తుంది. ముల్లు దిగకపోతే పక్కకి ఆపాలి. రేడియేటర్ మూత వేడి మీద తీయొద్దు. టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలక ముందు చూసుకోవాలి. మధ్యాహ్నం వేడికి పెరిగిందని తీసేస్తే తక్కువ గాలితో నడిచి పక్కలు కాగి పేలుతుంది. తేదీ కూడా చూడండి: టైరు మీద డీఓటీ అక్షరాల వరుస చివర్న నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఆరేళ్ళు దాటితే అరగకపోయినా మార్చండి.

కోరాపుట్ ఆడపడుచు

అందరూ బండి గురించే మాట్లాడుతున్నారు, కొండ గురించి ఎవరూ అనలేదు. కోరాపుట్ 870 మీటర్ల ఎత్తు, సునాబెడ కూడా దగ్గర దగ్గర అంతే. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క. కింద కంటే ఇక్కడ ఐదారు డిగ్రీలు తక్కువ. మేలో కూడా రాత్రి దుప్పటి పక్కన పెట్టుకోవలసిందే. జయపురం కోరాపుట్ కంటే కిందుగా ఉంటుంది, అయినా ఫ్యాన్ చాలు. మాస్టారు చెప్పిన దారిలో ఏసీ కావలసిన రాత్రులు పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, అంతే.

కాని ఫ్యాన్లతో సరిపోవాలంటే కిటికీలు తెరవాలి. మెష్ లేకుండా ఇక్కడ కిటికీ తెరవకూడదు. కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి మలేరియాకి పేరుపడ్డ జిల్లాలు. ప్రభుత్వం ఈ మారుమూల ఊళ్ళ కోసమే 2017లో దమన్ కార్యక్రమం పెట్టింది. ప్రతి కిటికీకీ, రూఫ్ ఫ్యాన్‌కీ, పక్క డోరుకీ మెష్ వేయించండి. డోరుకి అయస్కాంతం పట్టీ ఉన్న తెర అయితే మనిషి దాటగానే దానంతట అదే మూసుకుంటుంది. వెళ్ళొచ్చాక జ్వరమొస్తే ఎక్కడ తిరిగొచ్చారో డాక్టరుకి చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి.

మధ్యాహ్నం రెండు దాటాక మబ్బు పట్టి ఈదురుగాలి, పిడుగులు, వడగళ్ళు రావడం ఇక్కడ ఎండాకాలంలో మామూలే. బండి పక్కన నీడకి కట్టే గుడారం పట్టా లాగి ఉంచి పడుకుంటే గొట్టాలతో సహా పీక్కుపోతుంది. మామిడి, చింత చెట్ల కింద మధ్యాహ్నం నీడకి ఆపండి గాని, మబ్బు చూడగానే కదిలించండి. అందుకే ఘాట్ ఎక్కడం పొద్దున్నే పెట్టుకోవాలి. గజపతి జిల్లా అడవిలో, మోహన వైపు, రోడ్డు పక్క రాత్రి ఆపొద్దు. లఖారి లోయ ఏనుగులు ఆ చుట్టుపక్కల తిరుగుతాయి.

ఇంకో మాట, మాస్టారూ. పాతికేళ్ళ తర్వాత చూడవచ్చిన స్నేహితుడు గుమ్మం ముందు బండి ఆపి, భోంచేసి, పడుకోడానికి బండిలోకి పోతానంటే ఆ ఇల్లాలు నొచ్చుకోదా? మంచం వేసి పెట్టి ఉంటుంది. నన్నడిగితే కింది ఊళ్ళలో మీకు ఏసీ ప్రశ్నే రాకూడదు. స్నేహితుడి ఇంట్లో పడుకోండి, కొండ మీద బండిలో పడుకోండి.

గంజాం బాటసారి

అమ్మా, మీరన్నది మనసుకి తగిలింది. కాని నలుగురు ముసలివాళ్ళు ఒక్కసారిగా ఒక ఇంటి మీద పడితే? ఎండాకాలం నీళ్ళు, ఒకే బాత్‌రూమ్, రాత్రి రెండుసార్లు లేచే మేము. ఆ ఇంట్లోవాళ్ళూ మా వయసువాళ్ళే. వాళ్ళకి భారం కాకూడదనే బండి కట్టించుకుంటున్నాను.

కోరాపుట్ ఆడపడుచు

అయితే ఆ భారం తగ్గించే ఏర్పాటు బండిలో పెట్టుకోండి, పడక మాత్రం వాళ్ళింట్లో. 20 లీటర్ల పోర్టబుల్ టాయిలెట్ నలుగురికి రెండు రోజులకి నిండుతుంది. రాత్రిపూటకే వాడితే ఇంకా ఎక్కువ. ఫార్మల్డిహైడ్ ఉన్న మందు వేసి దాన్ని సెప్టిక్ ట్యాంకులో పోస్తే అందులో కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు చస్తాయి, ఎంజైమ్ రకం తీసుకోండి. ఇద్దరు ఇంట్లో, ఇద్దరు బండిలో అన్నా ఎవరూ నొచ్చుకోరు. ముందు ఫోన్‌లో చెప్పడం ముఖ్యం, గుమ్మంలో నిలబడి చెప్పకండి.

వంశధార వాసి

నా మాట కొంచెం సవరించుకుంటాను, వెనక్కి తీసుకోను. బ్యాటరీ మీద ఏసీ వద్దు, ఒప్పుకున్నాను. పైకప్పూ కోయొద్దు. ముప్పావు టన్ను విండో ఏసీ వెనక డోరు పలకలో బిగించి, స్నేహితుడి ఇంటి కరెంటు మీద మాత్రమే నడిపితే? కావలసినవి మూడు రాత్రులేగా.

రాయగడ వైర్‌మన్

అది కుదురుతుంది, నాలుగు షరతులు. 16 ఆంపియర్ల సాకెట్ ఉండాలి, సెల్‌ఫోన్ పెట్టే ఐదు ఆంపియర్ల బోర్డు పనికిరాదు. తీగ 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్లది, చుట్ట మొత్తం విప్పి పరచాలి. చుట్టలో ఉన్న తీగ తన వేడికి తానే కరుగుతుంది. బండి వైపు, కరెంటు లీకైతే లైను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం: పాత ఇళ్ళలో మూడో రంధ్రం ఉంటుంది, వెనక ఎర్త్ తీగ ఉండదు. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి చూడండి, పూర్తి వెలుగు రావాలి. మిణుకుమంటే ఆ ఇంట్లో ఏసీ కలపొద్దు. రబ్బరు టైర్ల మీద ఉన్న రేకు బండికి కరెంటు దిగితే, నేల మీద నిలబడి డోరు పట్టుకున్న మనిషికి కొడుతుంది. సాయంత్రం వోల్టేజి 170కి పడితే మామూలు విండో ఏసీ కంప్రెసర్ మూలుగుతుంది, స్టార్ట్ కాదు, వైండింగ్ కాలుతుంది. స్టెబిలైజర్ తప్పదు.

ఏది పెట్టినా పెట్టకపోయినా, పైకప్పు లోపల 25 ఎంఎం నైట్రిల్ రబ్బరు షీటు ఖాళీ లేకుండా అంటించండి. బయట తెల్ల పెయింటు. ముందు అద్దానికి వెండి రంగు ఫాయిల్ బయటివైపు కట్టాలి, లోపల కడితే వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. రూఫ్ ఫ్యాన్ రంధ్రానికి మామూలు సిలికాన్ కాకుండా బ్యూటైల్ టేపు, దాని మీద పాలీయురిథేన్ సీలెంట్.

ఘాట్ మెకానిక్

కాగితాల గురించి ఎవరూ అనలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి మార్పుకి ఆర్‌టీఓ అనుమతి కావాలి, ఆర్‌సీలో ఎక్కాలి. సొంత వాడకం క్యాంపర్ వ్యాన్‌ని 2004 కేంద్ర నోటిఫికేషన్ నాన్-ట్రాన్స్‌పోర్ట్ (అద్దెకి తిప్పని బండి) కింద పెట్టింది. పసుపు బోర్డు మీద ఉన్న ట్రావెలర్ అయితే ముందు దాన్ని మార్పించుకోండి. లేకపోతే సాలూరు వైపు దిగాక పర్మిట్ అడుగుతారు. ఇన్సూరెన్స్‌కి కూడా రాసి చెప్పాలి. ఇంటి సిలిండర్ 14.2 కిలోలది బండిలో వద్దు, 5 కిలోలది చాలు. దాన్ని పెట్టిన అరకి నేల దగ్గర బయటికి రంధ్రం ఉండాలి, గ్యాస్ గాలి కంటే బరువు, కిందికే దిగుతుంది. బండి నడుస్తుండగా వెనక పడక మీద ఎవరూ ఉండకూడదు, నలుగురికీ బెల్టు ఉన్న సీట్లు కావాలి.

గంజాం బాటసారి

పైకప్పు కోయించడం ఆపేశాను. 200 ఏహెచ్, ఫ్యాన్లు, మెష్, ఇన్సులేషన్. విండో ఏసీకి చోటు వదిలి ఉంచమన్నాను, పెట్టేది ఎర్త్ చూశాకే. ఒకరికి ఇన్సులిన్ ఉంది, ఫ్రిజ్ ఆగితే ఎలా?

రాయగడ వైర్‌మన్

ఫ్రిజ్‌కి విడిగా ఫ్యూజు, విడిగా తీగ ఇవ్వండి, ఫ్యాన్ల లైను పోయినా అది నడవాలి. వేడి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కూలింగ్ ప్లేటుకి సీసా ఆనకూడదు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

వంశధార వాసి

మాస్టారూ, బండి లోపల ఒక థర్మామీటరు తగిలించండి. పర్లాకిమిడిలో, గుణుపూర్‌లో, రాయగడలో రాత్రి పదింటికి అది 32 దాటి ఉంటే, ఏసీ లేదు కాబట్టి, నలుగురూ ఇంట్లోకి వెళ్ళిపోవాలి. మొహమాటానికి ఎవరూ బండిలో ఉండిపోకూడదు. ఆ ఒక్క మాటకి మీరు ఒప్పుకుంటే ఏసీ విషయంలో ఇక వాదించను.