హుద్‌హుద్ రోజు మధ్యలో గాలి ఎందుకు ఆగింది?

ప్రశ్న (విశాఖకు కొత్త):
మాది నిజామాబాద్. రెండు నెలల కిందటే ఎంవీపీ కాలనీలో దిగాం. ఇక్కడ ఎవరితో మాట్లాడినా హుద్‌హుద్ తుఫాను మాట వస్తుంది. నిన్న పక్కింటి పిన్నిగారు, "తుఫానప్పుడు గాలి ఆగిందని తలుపు తియ్యకమ్మా, మళ్లీ వస్తుంది" అన్నారు. ఆగిన గాలి మళ్లీ రావడమేంటి? ఆ తుఫాను తర్వాత ఎటు పోయింది? ఇంట్లో చిన్నపిల్లలున్నారు, అందుకే అడుగుతున్నా.

జవాబు (పెదవాల్తేరు వాసి):
పిన్నిగారి మాట అక్షరాలా నిజం అమ్మా. 2014 అక్టోబర్ 12, ఆదివారం. మాది మూడో అంతస్తు. హాల్లో కిటికీ అద్దం లోపలికి ఉబ్బి మళ్లీ వెనక్కి పోతోంది. పరుపు అడ్డం పెట్టి, దానికి డైనింగ్ టేబుల్ ఆనించి, నేనూ మా ఆవిడా వీపులు ఆన్చి కూచున్నాం. వాన అడ్డంగా కొడుతోంది. సందుల్లోంచి చిమ్మిన నీళ్లు పెదాలకు తగిలితే ఉప్పగా ఉన్నాయి.

మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి పడిపోయింది. అయిపోయిందనుకుని జనం బళ్లు చూసుకోవడానికి కిందికి దిగారు. మా అబ్బాయీ దిగాడు. అది తుఫాను కన్ను, ఊరి మీదుగానే వెళ్లింది. సుడి నడుమ గాలి ఉండదు, బలమంతా దాని చుట్టూ ఉంటుంది. కన్ను జరగ్గానే అవతలి అంచు వచ్చి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. పొద్దుటి గాలికి వేళ్లు వదులైన చెట్లు అప్పుడే కూలాయి. వాడు మెట్లెక్కాడో లేదో, గేటు దగ్గర నిద్రగన్నేరు వాడు నిలబడ్డ చోటే పడింది. ఇప్పటికీ తల్చుకుంటే నాకు చేతులు వణుకుతాయి.

గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. విమానాశ్రయం పైకప్పు చీలిపోయింది. మర్నాడు చూస్తే కైలాసగిరి కాలిపోయిన కొండలా ఉంది, చెట్టుకు ఒక్క ఆకు లేదు. మా వీధికి కరెంటు దీపావళి ముందు రోజు వచ్చింది. ఎండుకొమ్మలు అంటుకుంటాయని ఆ ఏడు టపాసులు వద్దన్నారు.

జవాబు (కొండదారి):
ఎటు పోయిందో నేను చెప్తాను. అండమాన్ సముద్రంలో పుట్టి, 8న ఆ దీవులు దాటి, బంగాళాఖాతంలో బలపడి విశాఖకు వచ్చింది. తీరం దాటాక వాయుగుండంగా తగ్గి, ఛత్తీస్‌గఢ్ మీదుగా ఉత్తరానికి వెళ్లింది. గాలి తగ్గినా తేమ తగ్గలేదు. పడమటి నుంచి వచ్చిన చల్లగాలి తోడై, 14న నేపాల్ అన్నపూర్ణ కొండల్లో మంచు తుఫానైంది. 5,416 మీటర్ల థొరాంగ్ లా కనుమ చుట్టుపక్కల నలభై మందికి పైగా చనిపోయారు. అక్టోబరు అక్కడ ట్రెక్కింగ్ సీజన్, దారి నిండా జనం. తర్వాత నేను అటు వెళ్లినప్పుడు, మాది విశాఖ అనగానే మా గైడ్ నడక ఆపి, నా వైపు తిరిగి "హుద్‌హుద్" అన్నాడు.

విశాఖకు కొత్త:
ఒళ్లు జలదరించింది. గాలి ఆగితే మరి ఎంతసేపు లోపలుండాలి బాబాయ్ గారూ?

పెదవాల్తేరు వాసి:
గడియారం చూసి చెప్పలేం తల్లీ. తీరం పూర్తిగా దాటిందని వాతావరణ శాఖ ప్రకటించేదాకా. ముందు బ్యాటరీ రేడియో ఒకటి కొనుక్కోండి. ఆ రోజు మా ఫోన్లన్నీ మూగబోయాయి.