పెడికిల్ లిగేచర్ (రక్తనాళాలున్న కాడని దారంతో కట్టడం) ప్రాక్టీసుకి రబ్బరు ట్యూబు సరిపోతుందా?

స్కిల్స్_ల్యాబ్:
ఫోమ్ ప్యాడ్ మీద కుట్లు చక్కగా వేసే విద్యార్థులే, ఆడకుక్క స్పేలో (పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్) అండాశయ పెడికిల్ కట్టాల్సి వచ్చేసరికి తడబడుతున్నారు. క్లాంప్ (కణజాలాన్ని నొక్కి పట్టే పనిముట్టు) వదలగానే ముడి జారుతోంది. ల్యాబ్‌లో లేటెక్స్ ట్యూబుకి ముడి వేయమంటే మాత్రం అందరూ పాసే. లోపం మోడల్‌దా, నేర్పే పద్ధతిదా? ఖర్చు తక్కువలో అయ్యే మార్గం చెప్పండి.

కత్తి_కత్తెర:
ముందు ఆ లేటెక్స్‌ని పక్కన పెట్టండి. పొడి రబ్బరు దారాన్ని పట్టి ఉంచుతుంది, కాబట్టి వదులు ముడి కూడా నిలిచిపోతుంది. అసలు పెడికిల్‌లో కొవ్వు ఉంటుంది, జారుతుంది, నొక్కితే అణుగుతుంది.

ఇలా చేసి చూడండి. వేళ్లతో నొక్కితే పూర్తిగా మూసుకుపోయేంత మెత్తని సన్న సిలికాన్ ట్యూబు ఒక జానెడు తీసుకోండి. గోడ మందంగా ఉంటే ఎంత మంచి ముడికైనా మూసుకోదు, తప్పు విద్యార్థి మీదకి పోతుంది. దాని చుట్టూ తడి దూది పలచగా చుట్టి, గ్లవ్ వేలు కొస కత్తిరించి తొడగండి. లోపలా పైనా అల్ట్రాసౌండ్ జెల్ రాయండి. ట్యూబు ఒక కొసని డ్రిప్ సెట్‌కి కలిపి, రంగు కలిపిన నీళ్ల బ్యాగుని మోడల్ కంటే 135 సెం.మీ. ఎత్తున వేలాడదీయండి. సుమారు 100 మి.మీ. పాదరసం పీడనం వస్తుంది, అంటే ధమనిలో సగటు పీడనానికి దగ్గర.

మూడు క్లాంప్‌లు పెట్టించండి. అన్నిటికన్నా కింది క్లాంప్ పడ్డ గాడిలోనే లిగేచర్ కూర్చోవాలి. మొదటి త్రో (ముడిలో ఒక మెలిక) బిగిస్తుండగానే ఆ క్లాంప్ వదిలించాలి. చాలామంది దాన్ని వదలకుండా, ఆనుకునే కట్టేస్తారు. క్లాంప్ కణజాలాన్ని విసనకర్రలా పరిచి ఉంచడంతో ముడి బిగిసినట్టే అనిపిస్తుంది, క్లాంప్ తీయగానే వదులవుతుంది. మీరు చెప్పిన జారుడుకి ఇదే పెద్ద కారణమని నా అనుమానం.

ముడి_మాస్టారు:
పై సమాధానంతో ఏకీభవిస్తూనే, ముడి సంగతి విడిగా చూడాలంటాను. స్క్వేర్ నాట్ (చదునుగా కూర్చునే, జారని ముడి) అనుకుంటూ హాఫ్ హిచ్‌లు వేసేవాళ్లే ఎక్కువ. ఒక కొసని పైకి లాగి పట్టుకుని రెండో కొసతోనే పని కానిచ్చేస్తే అదే పడుతుంది.

ఈ తప్పుని పట్టుకోవడం తేలిక. రెండు రంగుల దారాలని ముడివేసి, ఆ అతుకుని ట్యూబు వెనక్కి పంపండి. ఒక్కో చేతికి ఒక్కో రంగు వస్తుంది. సరైన ముడిలో రెండు రంగులూ ఒకదాన్నొకటి మెలిపెట్టుకుని చదునుగా ఉంటాయి. ఒక రంగు నిటారుగా నిలిచి, రెండోది దాని చుట్టూ తిరిగి ఉంటే అది హాఫ్ హిచ్. నిటారు దారం మీదుగా మొత్తం జారిపోతుంది.

నూలు దారంతో నేర్పకండి, దాని గరుకుకి తప్పుడు ముడీ ఆగుతుంది. చేపల గాలానికి వాడే నైలాన్ మేలు. కొసలు రెండూ ముడి మట్టంలోనే, ఎదురెదురుగా లాగాలి. పైకి లాగితే అసలు పెడికిలే తెగొచ్చు.

స్కిల్స్_ల్యాబ్:
అర్థమైంది సర్. టేబుల్ మీద కుదిరింది పొట్ట లోపల కుదరకపోతే?

ముడి_మాస్టారు:
ఒక జానెడు లోతున్న ప్లాస్టిక్ డబ్బా అడుగున పెడికిల్‌ని ఎలాస్టిక్‌తో బిగించండి. మూతకి బదులు మందపాటి గుడ్డ కట్టి, 5 సెం.మీ. చీలిక పెట్టండి. వేలు ముడి దాకా దిగకపోతే ఆ లోతులో ఎవరి ముడైనా పైనే ఆగిపోతుంది.

కత్తి_కత్తెర:
మార్కులు వేసేటప్పుడు పేరు కనపడకుండా నంబరుతో మోడళ్లు తీసుకోండి. క్లాంప్‌లన్నీ తీసి ఒక నిమిషం చూడండి, చుక్క కారితే ఫెయిల్. తర్వాత ట్యూబు కోసి ముడిని పరీక్షించండి. కారకపోయినా హాఫ్ హిచ్ ఉంటే మళ్లీ వేయించాల్సిందే. ఒకే రోజు నాలుగు గంటలు కూర్చోబెట్టే బదులు వారానికో గంట పెట్టండి, చెయ్యి అలా నిలుస్తుంది. ఇక ల్యాబ్ పనిముట్లకి రంగు టేపు చుట్టి పెట్టుకోండి, అవి థియేటర్ ట్రేలో కలవకూడదు.