ఏడాదికి పైగా మోటర్‌హోమ్‌లో: బ్యాంకు, ఉత్తరాలు, ఇన్సూరెన్స్, మందులు ఎలా చూసుకోవాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. రెండు నెలల్లో నేనూ మా ఆవిడా మోటర్‌హోమ్‌లో బయల్దేరుతున్నాం. కనీసం ఏడాది తిరగాలని ఉంది, దేశ సరిహద్దులు కూడా దాటతాం. బండి గురించి దిగులు లేదు, పది రోజులు అందులోనే ఉండి అన్నీ సరిచూసుకున్నాం. టెన్షన్ అంతా వెనక వదిలి వెళ్ళేవాటి గురించే. ఇంటికి తాళం వేసి వెళ్తున్నాం. ఉత్తరాలు, బ్యాంకు, ఇన్సూరెన్స్, నేను రోజూ వేసుకునే బీపీ మాత్రలు... ఇలా ఎక్కువ కాలం తిరిగినవాళ్ళు ఇవన్నీ ఎలా నెట్టుకొచ్చారో చెప్పగలరా?

జవాబు 1:
మేం నాలుగేళ్ళుగా బండిలోనే ఉంటున్నామండీ. మొదటి ఏడాది ఐదో నెలలో నా బ్యాంకు కార్డు గడువు తీరిపోయింది. కొత్త కార్డు తాళం వేసిన ఇంటికి వెళ్ళింది. పోనీ ఆన్‌లైన్‌లో డబ్బు పంపుకుందామంటే ఓటీపీ రాలేదు. వెళ్ళిన చోట కొత్త సిమ్ వేసుకుని పాతది పెట్టెలో పడేశాను, రీచార్జి లేక ఆ నంబరు ఆపేశారు. ఖాతాలో డబ్బుంది, తీసుకునే దారి లేదు. చేతిలో ఉన్న నగదుతో మూడు వారాలు లెక్కపెట్టుకుంటూ బతికాం.

అప్పుడు తెలిసొచ్చింది, మన వ్యవహారాలన్నీ రెండు కొయ్యలకే వేలాడుతుంటాయని. ఒకటి ఫోన్ నంబరు, రెండోది చిరునామా. ముందు ఈ రెండింటినీ గట్టి చేసుకోండి.

నంబరు సంగతి. రెండు సిమ్‌లు లేదా ఈ-సిమ్ పట్టే ఫోన్ తీసుకుని, పాత నంబరును అన్నిటికన్నా చవక ప్లాన్‌లో బతికించుకోండి. ఎన్నాళ్ళు వాడకపోతే నంబరు ఆపేస్తారో కంపెనీని అడిగి, ఆ తేదీకి ముందే ఫోన్‌లో అలారం పెట్టుకోండి. రోమింగ్ ఇంట్లో ఉండగానే ఆన్ చేయించుకోవాలి, బయటినుంచి చేయించుకోవడం చాలా కష్టం. ఎక్కడ వీలైతే అక్కడ మెసేజ్ ఓటీపీ మానేసి, లాగిన్ కోడ్‌ను ఫోన్‌లోనే చూపించే ఆథెంటికేటర్ యాప్‌కి మారండి. ఎక్కువగా 30 సెకన్లకోసారి మారే ఆ కోడ్‌ను ఫోనే లెక్కకట్టుకుంటుంది, దానికి సిగ్నల్ అక్కర్లేదు. ఫోన్‌లో టైమ్ మాత్రం సరిగ్గా ఉండాలి. ఫోన్ పోతే లోపలికి వెళ్ళడానికి ఇచ్చే బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి, ఫోన్‌తో కలపకుండా వేరే చోట దాచండి. కార్డులు కూడా రెండు వేర్వేరు బ్యాంకులవి ఉండాలి, రెండూ ఒకే పర్సులో ఉండకూడదు. ఈ ఏడాదిలో గడువు తీరేవి ఏవైనా ఉంటే వెళ్ళేముందే మార్పించుకోండి.

ఇక చిరునామా. ఉత్తరాలు తీసి పక్కన పెట్టే మనిషి ఉంటే చాలదు. విప్పి, చదివి, ఫొటో తీసి పంపే మనిషి కావాలి. మాకు వచ్చిన ఒక పన్ను నోటీసు రెండు నెలలు కవరులోనే ఉండిపోయింది. పాపం వాళ్ళు మర్యాదకొద్దీ విప్పలేదు. అలాంటి మనిషి లేకపోతే, ఉత్తరాలు తీసుకుని స్కాన్ చేసి పంపే సర్వీసులు చాలా దేశాల్లో ఉన్నాయి. కాకపోతే ఆ చిరునామాను బ్యాంకు ఒప్పుకుంటుందో లేదో ముందు అడగాలి. దారిలో ఏదైనా తెప్పించుకోవాలంటే చాలా దేశాల పోస్టాఫీసుల్లో పోస్ట్ రెస్టాంట్ అనే పద్ధతి ఉంది. మీ పేరు మీద వచ్చింది అక్కడే ఉంచి, గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు. ఎన్ని రోజులు ఉంచుతారన్నది దేశాన్నిబట్టి మారుతుంది కాబట్టి, పంపించేముందే ఆ పోస్టాఫీసును అడగండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. ఉత్తరాలు మా తమ్ముడు చూస్తానన్నాడు. అతని పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ రాయాలా? సొంత తమ్ముడే అయినా మొత్తం అధికారం ఇవ్వాలంటే మనసొప్పడం లేదు.

జవాబు 2:
మొత్తం ఇవ్వక్కర్లేదండీ. ఏయే పనులకు, ఏ తేదీ దాకా అన్నది స్పష్టంగా రాసి పరిమితంగా ఇవ్వొచ్చు. ఉదాహరణకు ఇంటి పన్ను కట్టడం, రిజిస్టర్డ్ ఉత్తరాలు తీసుకోవడం, ఇంటి మరమ్మతుకు సంతకం పెట్టడం. బ్యాంకులు చాలావరకు తమ సొంత ఫారం అడుగుతాయి, దానికి వేరే వెళ్ళాలి. ఇంకో విషయం లాయరును తప్పకుండా అడగండి. చాలాచోట్ల మామూలు పవర్ ఆఫ్ అటార్నీ, ఇచ్చిన మనిషి తెలివిలో లేకుండా పోతే చెల్లదు. దారిలో ప్రమాదం జరిగినప్పుడు కూడా పనికిరావాలంటే ఆ మాట పత్రంలో ఉండాలి.

జవాబు 3:
ఇన్సూరెన్స్ గురించి నేను చెప్తాను, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఇంటి పాలసీ తీసి, ఖాళీగా ఉన్న ఇల్లు అన్న మాట ఎక్కడుందో వెతకండి. చాలా పాలసీల్లో వరుసగా 30 లేదా 60 రోజులు ఎవరూ లేకపోతే దొంగతనం, నీళ్ళ పైపు పగలడం లాంటివాటికి డబ్బు రాదు. విషయం దాచకుండా చెప్పి, ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా తెప్పించుకోండి. వెళ్ళేటప్పుడు నీళ్ళ మెయిన్ వాల్వ్ కట్టేయండి. మీ తమ్ముడు ఇంటికి వెళ్ళి చూసిన ప్రతిసారీ తేదీతో ఒక ఫొటో తీసిపెట్టమనండి, రేపు క్లెయిమ్‌కి అదే సాక్ష్యం.

బండి పాలసీలో సెలవులకు వాడుతున్నారా, అందులోనే కాపురం ఉంటున్నారా అన్నది చూడాలి. రెండూ ఒకటి కాదు. బయటి దేశాల్లో ఏడాదికి ఇన్ని రోజులే అన్న పరిమితి కూడా ఉండొచ్చు. ఆరోగ్య ప్రయాణ పాలసీలోనూ అంతే, ఏడాది పాలసీ అన్నంత మాత్రాన ఒకే ప్రయాణం ఏడాది సాగొచ్చని కాదు.

మనిషికీ బండికీ గడువు వేరువేరుగా నడుస్తుందని కూడా గుర్తుంచుకోండి. షెంజెన్ దేశాల్లో (యూరప్‌లో ఒకే వీసాతో తిరగగలిగే దేశాలు) స్వల్పకాలం ఉండడానికి వచ్చేవాళ్ళకు ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే. బయటి దేశం బండికి కస్టమ్స్ ఇచ్చే గడువు ఇంకోటి. కార్నే (బండిని సుంకం కట్టకుండా కొంతకాలం తెచ్చి మళ్ళీ తీసుకెళ్ళడానికి వాడే కస్టమ్స్ పత్రం) అడిగే దేశాలకు వెళ్తుంటే దాని గడువు మామూలుగా ఏడాది. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ రోడ్డు రవాణా మీద దేశాలు చేసుకున్న 1949 ఒప్పందం ప్రకారం ఇచ్చిందైతే ఏడాది, 1968 ఒప్పందం ప్రకారం ఇచ్చిందైతే గరిష్ఠంగా మూడేళ్ళు చెల్లుతుంది. ఏ దేశం ఏది ఒప్పుకుంటుందో చూసి, అవసరమైతే రెండూ తీసుకోండి. బండి ఫిట్‌నెస్ తనిఖీ తేదీ ప్రయాణం మధ్యలో పడితే దాన్నిబట్టే దారి వేసుకోవాలి. అది దాటిపోతే ఇన్సూరెన్స్‌కీ చిక్కొస్తుంది.

జవాబు 4:
మందుల గురించి రెండు మాటలు. బ్రాండ్ పేరు కాకుండా మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు అన్నది డాక్టరుతో లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. బ్రాండ్లు దేశం మారితే మారిపోతాయి. మాత్రలు వాటి స్ట్రిప్‌లలోనే ఉంచండి, సరిహద్దు దగ్గర విడి మాత్రలు చూపిస్తే ప్రశ్నలు ఎక్కువ. చాలా మందులను 25 లేదా 30 డిగ్రీలు దాటని చోట ఉంచాలి. ఎండలో ఆపిన బండి డ్యాష్‌బోర్డు దగ్గర వేడి అంతకన్నా ఎంతో ఎక్కువ, అక్కడ మాత్రం పెట్టొద్దు.

జవాబు 1 రాసినవారు:
ఇంకొకటి చేసి చూడండి. బయల్దేరేముందు రెండు వారాలు ఇంట్లోనే ఉంటూ, ఊళ్ళో లేనట్టు నడుచుకోండి. పోస్టు డబ్బా మీ తమ్ముడే తీయాలి. బ్యాంకుకు వెళ్ళొద్దు, ఇంటి వైఫై వాడొద్దు, బీరువాలో కాగితాలు ముట్టుకోవద్దు. బండిలో ఉన్న వస్తువులతో, ఫోన్‌తో మాత్రమే అన్ని పనులూ చేసుకోండి. ఎక్కడ ఆగిపోతే అది రాసుకోండి.

ప్రశ్న అడిగినవారు (రెండు వారాల తర్వాత):
చేశామండీ. మూడు బయటపడ్డాయి. కరెంటు బిల్లు మా ఆవిడ ఎప్పుడో వదిలేసిన పాత నంబరుకి వెళ్తోంది. ఇంటి ఇన్సూరెన్స్ పాస్‌వర్డ్ బీరువాలోని డైరీలో తప్ప ఎక్కడా లేదు. బండి ఒరిజినల్ పత్రాల ఫొటోలు ఫోన్‌లోనే ఉన్నాయి, ఆ ఫోన్ పోతే ఇంకో కాపీ లేదు. మొదటి రెండూ సరిచేశాం. మూడోదానికి ఒక కాపీ తమ్ముడి దగ్గర, ఒకటి ఆన్‌లైన్‌లో పెడుతున్నాం. సోమవారం అతన్ని తీసుకుని బ్యాంకు ఫారం కోసం వెళ్తున్నాం.